ఈ రెండూ ఒకటేనా? ‘==’ విషయంలో ఏ భాష ఎవరికి నప్పుతుంది

కొన్నేళ్ల క్రితం జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక బిల్లింగ్ ప్రోగ్రాములో దొర్లిన తప్పును పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండు బిల్లుల మీద ఉన్న కస్టమర్ నంబర్లను ‘==’ గుర్తుతో పోల్చి, ఒకటే అయితే వాటిని కలపాలి. అంతే పని. పరీక్షలన్నీ పాసయ్యాయి, దుకాణంలో పెట్టాక మొదటి వారం బాగానే నడిచింది. ఆ తర్వాత కొత్త కస్టమర్ల బిల్లులు కలవడం మానేశాయి. పాతవాళ్లవి మాత్రం ఎప్పటిలాగే కలుస్తున్నాయి. చివరికి తేలిందేమిటంటే, 127వ కస్టమర్ వరకు అంతా సవ్యంగా ఉంది, 128 నుంచి తేడా మొదలైంది.

జావా తెలిసినవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. జావాలో ఇంటిజర్ అనే క్లాసు (ఆబ్జెక్టులను, అంటే మెమరీలో విలువను పట్టి ఉంచే వస్తువులను, తయారుచేసే అచ్చు) -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు ఆబ్జెక్టులను ముందే తయారుచేసి ఉంచుకుంటుంది, అడిగినప్పుడల్లా వాటినే తీసి ఇస్తుంది. ఆ హద్దు దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు పుడుతుంది. నేను రాసిన == ‘ఈ రెండు సంఖ్యలూ సమానమా’ అని అడగడం లేదు, ‘ఈ రెండూ ఒకే ఆబ్జెక్టా’ అని అడుగుతోంది. చిన్న సంఖ్యల దగ్గర రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే కాబట్టి తప్పు కనబడలేదు.

ఆ రెండు రోజుల తర్వాత నుంచి కొత్త భాష ఏది చేతికొచ్చినా నేను మొదట చూసేది దాని ==నే. కొత్త ప్రాజెక్టుకు భాషను ఎంచుకునేవాళ్లకు, ఒక భాష నుంచి మరో భాషకు మారుతున్నవాళ్లకు ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను.

## ముందు కొలతలు

మీ జేబులో ఒక వంద నోటు ఉంది, నా జేబులో మరొకటి ఉంది. కిరాణా కొట్టువాడికి రెండూ ఒకటే. దొంగతనం కేసు రాసుకునే పోలీసుకు ఒకటి కాదు, ఎందుకంటే నోట్ల మీద నంబర్లు వేరు. ప్రోగ్రాములోనూ ఈ రెండు ప్రశ్నలే: విలువ ఒకటేనా, వస్తువు ఒకటేనా. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఏ గుర్తు ఏ ప్రశ్న అడుగుతోందో చదివేవాడికి తెలియకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

కాబట్టి మొదటి కొలత: మనం ఏమీ చెప్పకుండా == వాడితే భాష ఏ ప్రశ్న అడుగుతుంది? రెండోది: మన సొంత క్లాసుకు ‘సమానం’ అంటే ఏమిటో మనం చెప్పుకోగలమా?

మూడో కొలత హ్యాష్. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఉత్తరాలను పిన్‌కోడ్ ప్రకారం అరల్లో వేసే పోస్టాఫీసును ఊహించుకోండి. ఒకే పిన్‌కోడ్ ఉన్నంత మాత్రాన చిరునామా ఒకటి కానక్కరలేదు. కానీ చిరునామా ఒకటే అయితే పిన్‌కోడ్ ఒకటై తీరాలి, లేకపోతే ఆ ఇంటి ఉత్తరాలు రెండు అరల్లో పడతాయి. హ్యాష్ ఆ పిన్‌కోడ్ లాంటిది. సమానమైన రెండు ఆబ్జెక్టులకు హ్యాష్ ఒకటే రావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఉత్తరం అరలో పడ్డాక ఎవరైనా దాని మీది పిన్‌కోడ్ దిద్దితే? ఉత్తరం పోస్టాఫీసులోనే ఉంటుంది, వెతికినవాడికి మాత్రం దొరకదు. సెట్‌లో (ఒకే విలువను రెండోసారి చేర్చుకోని సంచిలో) వేసిన ఆబ్జెక్టు ఫీల్డును, అంటే దాని లోపలి విలువను, తర్వాత మారిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: తప్పు చేస్తే భాష మనకు ఎప్పుడు చెబుతుంది? కంపైల్ చేసేటప్పుడే (కోడ్‌ను నడపడానికి వీలుగా మార్చేటప్పుడే) చెబుతుందా, నడిచేటప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుందా, లేక మౌనంగా తప్పు జవాబు ఇచ్చి పోతుందా? నా 127 కథ మూడో రకం. స్వేచ్ఛ ఎంత ఇచ్చిందన్న లెక్కన భాషలను పోల్చడం అలవాటైపోయింది. నేను మాత్రం ఈ నాలుగో కొలతతోనే వాటికి మార్కులు వేస్తాను.

+, -, < లాంటి మిగతా గుర్తులకు కొత్త అర్థం ఇవ్వగలగడం, అంటే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్, ఐదో కొలత. దాని సంగతి చివర్లో విడిగా చూద్దాం.

## జావా: నియమం సులువు, పాటించడం కష్టం

జావాలో ఆబ్జెక్టుల మధ్య == ఎప్పుడూ ‘వస్తువు ఒకటేనా’ అనే అడుగుతుంది. విలువ కావాలంటే ఈక్వల్స్ మెథడ్ పిలవాలి. ఆ మెథడ్‌ను మన క్లాసులో తిరగరాయకపోతే అదీ వస్తువునే పోలుస్తుంది. ఒక్క వాక్యంలో చెప్పగల నియమం ఇది. అయినా స్ట్రింగుల (అక్షరాల వరుసల) దగ్గర కొత్తవాళ్లు బోల్తా పడతారు. కోడ్‌లో నేరుగా రాసిన ఒకే స్ట్రింగును జావా ఒకే ఆబ్జెక్టుగా ఉంచుతుంది కాబట్టి == అక్కడ నిజం చెబుతుంది. అదే స్ట్రింగు ఫైలు నుంచో, ఫారం నుంచో వస్తే అబద్ధం చెబుతుంది. 127 లాంటి గోతే ఇది కూడా.

ఈక్వల్స్ రాయడానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. తనకు తాను సమానం కావాలి. నేను నీకు సమానమైతే నువ్వూ నాకు సమానం కావాలి. ‘అ’ ‘ఆ’కు, ‘ఆ’ ‘ఇ’కి సమానమైతే ‘అ’ ‘ఇ’కీ సమానం కావాలి. వినడానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. వారసత్వం వచ్చిందంటే అది చెడుతుంది. ఖాతా అనే క్లాసు నంబరు చూసి సమానమంటుంది. దాని నుంచి పుట్టిన పొదుపుఖాతా నంబరుతో పాటు వడ్డీ రేటూ చూస్తుంది. ఇప్పుడు ఖాతాను అడిగితే ‘అవును, ఒకటే’ అంటుంది, పొదుపుఖాతాను అడిగితే ‘కాదు’ అంటుంది. ఈ పేచీకి అన్ని విధాలా నప్పే పరిష్కారం లేదు. సమానత్వం అవసరమయ్యే క్లాసులకు వారసులను పుట్టనివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

జావా సొంత లైబ్రరీయే ఇక్కడ తడబడింది. నెట్ ప్యాకేజీలోని యూఆర్‌ఎల్ క్లాసులో ఈక్వల్స్ పిలిస్తే అది హోస్టు పేరును ఐపీ చిరునామాగా మార్చి చూస్తుంది. అంటే రెండు చిరునామాలు సమానమా అని అడగడానికి నెట్‌వర్క్ మీదికి పోతుంది. ఒకే సర్వరు మీద నడిచే రెండు వేర్వేరు సైట్లు సమానమని తేలవచ్చు. ఇంటర్నెట్ ఉంటే ఒక జవాబు, లేకపోతే మరో జవాబు. ఆ క్లాసును మ్యాపులో తాళంగా (విలువను వెతికే ‘కీ’గా) ఎన్నడూ వాడకండి, దాని బదులు యూఆర్‌ఐ క్లాసు వాడండి.

డబ్బు లెక్కలకు వాడే బిగ్‌డెసిమల్‌ది ఇంకో తీరు. 2.0, 2.00 ఈ రెండింటినీ ఈక్వల్స్ వేరంటుంది, ఎందుకంటే దశాంశ స్థానాల సంఖ్య కూడా దానికి లెక్కే. కంపేర్‌టూ మాత్రం సమానమంటుంది. దాని ఫలితంగా ఆ రెండింటినీ ఈక్వల్స్ చూసే హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండు మూలకాలు, కంపేర్‌టూ చూసే ట్రీసెట్‌లో వేస్తే ఒకటే మూలకం.

2021లో వచ్చిన జావా 16 నుంచి రికార్డులు (విలువలను పట్టి ఉంచడానికే ఉన్న క్లాసులు) స్థిరపడ్డాయి. ఈక్వల్స్, హ్యాష్ లెక్కించే హ్యాష్‌కోడ్ రెండింటినీ కంపైలరే కలిపి రాసిపెడుతుంది, ఫీల్డులను మార్చడం కుదరదు, వారసులు ఉండరు. పైన చెప్పిన పేచీల్లో చాలావరకు ఇక్కడే తీరిపోతాయి. కొత్తగా జావా రాస్తున్నవాళ్లు చేత్తో ఈక్వల్స్ రాయాల్సి వస్తే, అది రికార్డు ఎందుకు కాకూడదో ముందు తమను తాము ప్రశ్నించుకోవాలి.

## కోట్లిన్, సీ షార్ప్: జావా చూసి నేర్చుకున్నవి

కోట్లిన్ గుర్తులనే సరిచేసింది. == అంటే ఈక్వల్స్, నల్ (ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) వచ్చినా కూలిపోదు. వస్తువు ఒకటేనా అని అడగడానికి విడిగా === ఉంది. చదివేవాడికి ఏ ప్రశ్న అడుగుతున్నారో కంటికి కనబడుతుంది. డేటా క్లాసు అంటే చాలు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ వచ్చేస్తాయి. రెండు జాగ్రత్తలు మాత్రం గుర్తుంచుకోండి. డేటా క్లాసులో ప్రధాన కన్‌స్ట్రక్టర్‌లో ఉన్న ఫీల్డులే పోలికకు వస్తాయి, క్లాసు ఒంట్లో రాసినవి రావు. ఇక అర్రేలను (విలువల వరుసలను) == వస్తువులుగానే పోలుస్తుంది కాబట్టి, డేటా క్లాసులో అర్రే పెడితే ‘విలువ పోలిక’ అన్న మాట సగం అబద్ధమవుతుంది.

సీ షార్ప్ దారి వేరు. అక్కడ == ఓవర్‌లోడ్ చేయగల ఆపరేటరు, ఈక్వల్స్ తిరగరాయగల మెథడ్. ఈ రెండూ వేర్వేరు సమయాల్లో తేలతాయి. ఏ == వాడాలో కంపైలరు వేరియబుల్ ప్రకటించిన రకాన్ని బట్టి నిర్ణయిస్తుంది. ఈక్వల్స్ నడిచేటప్పుడు అసలు ఆబ్జెక్టు రకాన్ని బట్టి తేలుతుంది. రెండు స్ట్రింగులను ఆబ్జెక్ట్ రకం వేరియబుళ్లలో పెట్టి == వాడితే, అక్షరాలు ఒకటే అయినా అది వస్తువులను పోలుస్తుంది. కాకపోతే కొన్ని చోట్ల కంపైలరు హెచ్చరిస్తుంది: == రాసి ఈక్వల్స్ రాయకపోతే గుర్తుచేస్తుంది, == రాసి != రాయకపోతే అసలు ఒప్పుకోదు. 2020లో సీ షార్ప్ 9తో వచ్చిన రికార్డులు ఇక్కడా చాలా పని తగ్గించాయి.

సీ షార్ప్‌తో ఆటలు తయారుచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. యూనిటీ ఇంజిన్ తన ఆబ్జెక్టులకు == అర్థాన్ని మార్చింది. తెరమీది నుంచి తొలగించిన ఆబ్జెక్టు మెమరీలో ఇంకా ఉన్నా సరే, == నల్ అని అడిగితే ‘అవును’ అంటుంది. ఓవర్‌లోడింగ్‌కు లొంగని ఇతర నల్ పరీక్షలు ‘కాదు’ అంటాయి. చనిపోయాడని ఊరంతా అనుకుంటున్న మనిషికి రేషన్ కార్డులో పేరు ఇంకా ఉన్నట్టు.

## పైథాన్: నేర్చుకోవడానికి అన్నిటికన్నా తేలిక, నమ్మడానికి కాదు

పైథాన్‌లో == విలువను, ఈజ్ వస్తువును అడుగుతాయి. రెండు మాటలు, రెండు అర్థాలు, గందరగోళం తక్కువ. పైథాన్‌ను నడిపే ప్రధాన ప్రోగ్రామైన సీపైథాన్ కూడా జావా లాగే చిన్న సంఖ్యలను, -5 నుంచి 256 వరకు, ముందే దాచుకుంటుంది. కాబట్టి సంఖ్యలను ఈజ్‌తో పోల్చే అలవాటున్నవాళ్లకు 257 దగ్గర నా 127 అనుభవమే ఎదురుకావచ్చు. పైథాన్ 3.8 నుంచి కోడ్‌లో నేరుగా రాసిన సంఖ్యనో, స్ట్రింగునో ఈజ్‌తో పోలిస్తే హెచ్చరిక వస్తుంది.

మన క్లాసుకు సమానత్వ మెథడ్ రాసి హ్యాష్ రాయకపోతే పైథాన్ ఏం చేస్తుందన్నది నాకు బాగా నచ్చిన విషయం. హ్యాష్‌నే తీసేస్తుంది. ఆ ఆబ్జెక్టును సెట్‌లో వేయబోతే ‘దీన్ని హ్యాష్ చేయలేను’ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అదే తప్పు జావాలో చేస్తే సెట్‌లో ఒకే విలువ రెండుసార్లు చేరి కూర్చుంటుంది, ఎవరూ ఏమీ అనరు. పైథాన్ 3.7లో వచ్చిన డేటాక్లాసు కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది: మార్చగలిగిన ఆబ్జెక్టుకు హ్యాష్ ఇవ్వదు, ఫ్రోజెన్ (మార్చడానికి వీల్లేనిది) అని ప్రకటిస్తేనే ఇస్తుంది.

రెండు వేర్వేరు క్లాసుల ఆబ్జెక్టులు ఎదురైతే పైథాన్ పంచాయతీ పెడుతుంది. ముందు ఎడమవైపు ఆబ్జెక్టును అడుగుతుంది. అది ‘నాకు తెలియదు’ అంటే కుడివైపును అడుగుతుంది. కుడివైపుది ఎడమదాని వారసుడి క్లాసైతే మొదటి మాట దానిదే. ఇద్దరూ తెలియదంటే, వస్తువు ఒకటేనా అని చూసి తేల్చేస్తుంది. అంటే ఎర్రర్ రాదు, ‘సమానం కాదు’ అన్న జవాబు వస్తుంది. ఫారం నుంచి వచ్చిన "5" అనే స్ట్రింగును 5తో పోల్చి ఎందుకు కలవడం లేదని జుట్టు పీక్కునేది ఇక్కడే.

వింతలు ఇంకా ఉన్నాయి. 1, 1.0, ట్రూ మూడూ పైథాన్‌కు సమానమే కాబట్టి డిక్షనరీలో 1 కింద ఒక విలువ, ట్రూ కింద ఇంకో విలువ దాచలేరు, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. గణిత లెక్కలకు వాడే నంపై లైబ్రరీలో రెండు అర్రేల మధ్య == పెడితే అవును-కాదు అన్న ఒక్క జవాబు రాదు, మూలకం మూలకానికీ జవాబులతో ఇంకో అర్రే వస్తుంది. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే ఎర్రర్. గణితం చేసేవాడికి ఇది వరం. మామూలు పైథాన్ నేర్చుకుని నంపైలోకి అడుగుపెట్టినవాడికి మొదటి రోజే తగిలే దెబ్బ.

## జావాస్క్రిప్ట్: తలుపు మూసేసిన ఇల్లు

జావాస్క్రిప్ట్ == గురించి నవ్వులు ఇప్పటికే చాలా పూశాయి, నేను కొత్తగా కలపను. రకాలు వేరైతే మార్చి పోలుస్తుంది కాబట్టి === వాడండి. నల్, అన్‌డిఫైన్డ్ రెండింటినీ ఒకేసారి పట్టుకోవడానికి తప్ప == అవసరం రాదు.

అసలు సంగతి వేరే ఉంది. ఈ భాషలో ఆబ్జెక్టుల సమానత్వాన్ని మనం నిర్వచించుకోలేం. == అయినా === అయినా రెండు ఆబ్జెక్టుల మధ్య వస్తువునే పోలుస్తాయి. మ్యాప్, సెట్ కూడా అంతే. అక్షాంశం, రేఖాంశం ఉన్న ఆబ్జెక్టును మ్యాపులో తాళంగా పెట్టి, అవే అంకెలతో కొత్త ఆబ్జెక్టు చేసి వెతికితే దొరకదు. స్ట్రింగుగా మార్చి తాళం చేసుకోవడమే అందరూ చేసే పని. విలువతో పోల్చే రికార్డులు, టూపుల్స్ తేవాలన్న ప్రతిపాదన చాలాకాలం చర్చలో నలిగి, 2025లో వెనక్కి పోయింది.

తేదీల దగ్గర ఈ భాష సొంత తర్కానికే అడ్డం తిరుగుతుంది. ఒకే క్షణాన్ని సూచించే రెండు డేట్ ఆబ్జెక్టులు తీసుకోండి. మొదటిది రెండోదానికన్నా తక్కువ లేదా సమానమా అంటే అవును. ఎక్కువ లేదా సమానమా అన్నా అవును. సమానమా అంటే కాదు. < లాంటి గుర్తులు తేదీని సంఖ్యగా మార్చి చూస్తాయి, == మార్చదు. అందుకే తేదీలను గెట్‌టైమ్ ఇచ్చే సంఖ్యలతో పోల్చాలి.

వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీతో పనిచేసేవాళ్లకు, ఆబ్జెక్టులను వస్తువులుగానే పోల్చడమన్నది రోజూ తగులుతుంది. ఎఫెక్టుల (విలువలు మారినప్పుడు మళ్లీ నడిచే కోడ్ ముక్కల) ఆధార జాబితాలో ఉన్న విలువలు మారాయా లేదా అని రియాక్ట్ చూసేది ఆబ్జెక్ట్.ఈజ్‌తో. ప్రతి రెండరింగ్‌లోనూ అవే అంకెలతో కొత్త ఆబ్జెక్టు తయారుచేస్తే, రియాక్ట్‌కు అది కొత్త వస్తువే, ఎఫెక్టు మళ్లీ నడుస్తుంది.

## గో, రస్ట్: కంపైలరు ముందే అడ్డుపడితే

గో ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ను పూర్తిగా వద్దంది. స్ట్రక్టులోని ఫీల్డులన్నీ పోల్చదగినవైతే == ఫీల్డు ఫీల్డుకూ పోలుస్తుంది. స్లైసో (విలువల జాబితా), మ్యాపో ఒక్కటున్నా కంపైలరు ఆపేస్తుంది. ఇంత సరళమైన భాషలో కూడా రెండు మందుపాతరలు ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ (ఏ రకం విలువనైనా పట్టగల పెట్టె లాంటిది) లోపల స్లైసు దాక్కుని ఉంటే కంపైలరుకు కనబడదు, నడిచేటప్పుడు ప్రోగ్రాము కూలుతుంది. రెండోది సమయం. టైమ్ రకంలో క్షణంతో పాటు టైమ్ జోన్ సమాచారం, గో 1.9 నుంచి మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారపు విలువ కూడా ఉండవచ్చు. == అన్నిటినీ చూస్తుంది. హైదరాబాద్‌లో సాయంత్రం ఐదున్నర, గ్రీనిచ్‌లో మధ్యాహ్నం పన్నెండు ఒకే క్షణమైనా == కాదంటుంది. అందుకే ఈక్వల్ మెథడ్ వాడమని గో పత్రాలే చెబుతాయి.

రస్ట్ ఈ ప్రశ్నను అన్నిటికన్నా లోతుగా ఆలోచించిందని నేను నమ్ముతాను. అక్కడ సమానత్వం రెండు ట్రెయిట్‌లు (ఒక రకం ఏ పనులు చేయగలదో చెప్పే ఒప్పందాలు): పార్షియల్‌ఈక్యూ, ఈక్యూ. ఎందుకు రెండు? దశాంశ సంఖ్యల్లో ‘ఇది సంఖ్య కాదు’ అని చెప్పే నాన్ అనే విలువ ఉంది. ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం అది తనకు తానే సమానం కాదు. అంటే మనం పైన చెప్పుకున్న మొదటి కట్టుబాటునే అది తెంచేస్తుంది. కొన్ని భాషలు దీన్ని పట్టించుకోకుండా వదిలేశాయి. గోలో నాన్‌ను మ్యాపులో తాళంగా వేయవచ్చు, కానీ ఆ తాళంతో వెతికితే ఇక ఎప్పటికీ దొరకదు. పైథాన్‌లో లిస్టు ముందు వస్తువు ఒకటేనా చూస్తుంది కాబట్టి, తనకు తాను సమానం కాని నాన్ లిస్టులో మాత్రం ‘ఉంది’ అని తేలుతుంది. రస్ట్ అయితే దశాంశ సంఖ్యలకు పార్షియల్‌ఈక్యూ మాత్రమే ఇచ్చి, హ్యాష్‌మ్యాప్ తాళానికి ఈక్యూ తప్పనిసరి చేసింది. దశాంశ ఫీల్డున్న స్ట్రక్టును తాళం చేయబోతే కంపైలరు దగ్గరే ఆగిపోతుంది. తాళాన్ని మ్యాపులో వేశాక మామూలుగా మార్చనివ్వదు కూడా, కాబట్టి పిన్‌కోడ్ దిద్దే బెడద చాలావరకు లేదు.

దీనికి మూల్యం ఉంది. తొలివారాల్లో కంపైలరుతో వాదనలే సరిపోతాయి. రెండు వేర్వేరు రకాలను పోల్చాలంటే ఆ పోలికను ఎవరో ఒకరు రాసి ఉండాలి, లేకపోతే కోడ్ కంపైలే కాదు. పరాయి లైబ్రరీ రకానికి పరాయి ట్రెయిట్ మనం తగిలించలేం. రేపటికల్లా డెమో చూపించాల్సినవాళ్లకు ఇది దారి కాదు.

సీ ప్లస్ ప్లస్ గురించి రెండు మాటలు చాలు. క్లాసుకు == తనంతట తాను రాదు. 2020 ప్రమాణం వచ్చాక ‘డిఫాల్ట్’ అని ఒక్క వరుస రాస్తే ఫీల్డుల పోలికను కంపైలరే రాస్తుంది, అంతకుముందు చేత్తో రాసుకునేవాళ్లం. దాదాపు ప్రతి గుర్తునూ మార్చుకోనిస్తుంది, కామాను కూడా. && గుర్తును ఓవర్‌లోడ్ చేస్తే ఎడమది అబద్ధమైనప్పుడు కుడిదాన్ని వదిలేసే గుణం పోతుంది. చేయగలిగినంత మాత్రాన చేయకండి.

## తెలుగు అక్షరాలు, స్విఫ్ట్

స్విఫ్ట్‌లో సమానత్వం ఈక్వటబుల్ అనే ప్రోటోకాల్ (రస్ట్ ట్రెయిట్ లాంటిదే). 2018లో వచ్చిన 4.1 నుంచి స్ట్రక్టులకు దాన్ని కంపైలరే రాసిపెడుతోంది. క్లాసు ఆబ్జెక్టుల గుర్తింపుకు === ఉంది. ఇదంతా మామూలే. నేను స్విఫ్ట్‌ను ఇక్కడికి తెచ్చింది స్ట్రింగుల కోసం.

‘హైదరాబాద్’ అన్న మాట తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం గుర్తు తర్వాత కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగా. తెరమీద రెండూ ఒకేలా కనబడతాయి. యూనికోడ్ ప్రమాణం కూడా ఈ రెండు రాతలూ సమానమే అంటుంది. కానీ జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, గో, రస్ట్ అన్నీ వీటిని వేరంటాయి, ఎందుకంటే అవి సంకేతాలను పోలుస్తాయి, అక్షరాలను కాదు. స్విఫ్ట్ ఒక్కటి సమానమంటుంది. మిగతా భాషల్లో పోల్చేముందు ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి సమానమైన రాతలన్నిటినీ ఒకే రాతకు తెచ్చే యూనికోడ్ రూపానికి) మార్చుకోవాలి.

అక్కడితో కథ అయిపోలేదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీత సంకేతాన్ని చేరుస్తాయి. ‘హైదరాబాద్’ చివర అది ఉన్నా లేకపోయినా మాట ఒకేలా కనబడుతుంది. దీన్ని స్విఫ్ట్ కూడా సమానమనదు, ఎన్‌ఎఫ్‌సీ కూడా తీసెయ్యదు. తెలుగు పేర్లు, ఊళ్ల పేర్లు డేటాబేసులో పెట్టేవాళ్లు ఏ భాష ఎంచుకున్నా ఈ సంకేతాన్ని మాట చివర నుంచి తామే తొలగించుకోవాలి. మాట మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోకండి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో అది తీసేస్తే వత్తు కిందికి దిగి రూపమే మారిపోతుంది.

## ఒక్క చూపులో

| భాష | == అడిగేది | వస్తువు పోలికకు | మన అర్థం చెప్పుకోవచ్చా | +, - లాంటివి మార్చుకోవచ్చా | తప్పు ఎక్కువగా ఎప్పుడు తెలుస్తుంది |
|---|---|---|---|---|---|
| జావా | వస్తువు | == | ఈక్వల్స్‌తో | లేదు | తెలియదు |
| కోట్లిన్ | విలువ | === | అవును | పరిమితంగా | కొంత కంపైల్ దగ్గర |
| సీ షార్ప్ | రకాన్ని బట్టి | రిఫరెన్స్‌ఈక్వల్స్ | అవును | అవును | కంపైలరు హెచ్చరిక |
| పైథాన్ | విలువ (సొంత క్లాసుకు మొదట వస్తువు) | ఈజ్ | అవును | అవును | నడిచేటప్పుడు |
| జావాస్క్రిప్ట్ | ఆబ్జెక్టులకు వస్తువు | === | లేదు | లేదు | తెలియదు |
| గో | విలువ | పాయింటర్ల పోలిక | లేదు | లేదు | కంపైల్, అప్పుడప్పుడు నడిచేటప్పుడు |
| రస్ట్ | విలువ, ట్రెయిట్ ఉంటేనే | పాయింటర్ల పోలిక | అవును | అవును | కంపైల్ |
| సీ ప్లస్ ప్లస్ | రాస్తేనే ఉంటుంది | చిరునామాల పోలిక | అవును | దాదాపు అన్నీ | రాయకపోతే కంపైల్, తప్పు రాస్తే తెలియదు |
| స్విఫ్ట్ | విలువ, ప్రోటోకాల్ ఉంటేనే | === | అవును | కొత్త గుర్తులు కూడా | కంపైల్ |

## మిగతా గుర్తుల మాట

జావాను రూపొందించిన జేమ్స్ గోస్లింగ్ ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ను కావాలనే వదిలేశారు, సీ ప్లస్ ప్లస్‌లో దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడేవాళ్లను చూసి. అయినా స్ట్రింగులు కలపడానికి + మాత్రం ఉంచారు. తనకు కావలసింది ఉంచుకుని ఇతరులకు వద్దన్నట్టు ఉంటుందని విమర్శించేవాళ్లు ఉన్నారు, నాకూ కొంత అలాగే అనిపిస్తుంది.

వడ్డీ లెక్క చూడండి. అసలును రేటుతో, కాలంతో గుణించి వందతో భాగించాలి. బడిలో నేర్చుకున్న సూత్రం కోట్లిన్‌లో దాదాపు అలాగే రాయవచ్చు. జావాలో బిగ్‌డెసిమల్‌తో రాస్తే మల్టిప్లై, మల్టిప్లై, డివైడ్ అంటూ మెథడ్ల గొలుసు తయారవుతుంది. ఇరవై వరుసల సూత్రమైతే అందులో తప్పును కంటితో పట్టుకోవడం కష్టం. గుర్తులు గెలిచాయి అనుకుంటున్నారా? ఆగండి. పదిని మూడుతో భాగిస్తే జావా డివైడ్ ‘ఇది తెగని భాగహారం, రౌండింగ్ ఎలా చేయాలో చెప్పు’ అని ఎర్రర్ ఇస్తుంది. కోట్లిన్ / గుర్తుకు ఆ మాట అడిగే చోటే లేదు. అందుకని భాజ్యంలో ఎన్ని దశాంశ స్థానాలుంటే అన్నే ఉంచి, తనకు తోచిన పద్ధతిలో రౌండ్ చేసేస్తుంది. "10.00" అని రాస్తే 3.33 వస్తుంది, "10" అని రాస్తే 3 వస్తుంది. ముప్పై మూడు పైసలు మౌనంగా మాయం.

దీన్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. జవాబు చెప్పడానికి రెండు వైపుల విలువలు తప్ప ఇంకేమీ అక్కరలేని పనికే గుర్తు వాడాలి. వెక్టర్ల కూడిక, మాత్రికల గుణకారం (పైథాన్ 3.5 దీనికోసమే @ గుర్తును తెచ్చింది), తేదీల మధ్య తేడా అలాంటివి. రౌండింగ్, కరెన్సీ, టైమ్ జోన్ లాంటి మూడో మాట అవసరమైతే పేరున్న మెథడే మేలు. ఎడమవైపు ఆబ్జెక్టును లోలోపల మార్చేసే + రాసినవారి కోడ్‌ను మాత్రం నేను రివ్యూలో పాస్ చేయను.

## ఇంతకీ ఏది తీసుకోవాలి?

కాలేజీలో మొదటి భాష నేర్చుకుంటున్నారా? పైథాన్ తీసుకోండి. ==, ఈజ్ తేడా ఒక పూటలో తెలుస్తుంది, హ్యాష్ మరిచిపోతే అదే గుర్తుచేస్తుంది. ఇంటర్వ్యూల కోసం జావా తప్పదనుకుంటే ఈక్వల్స్-హ్యాష్‌కోడ్ కట్టుబాటును బట్టీ పట్టకుండా, ఒకసారి కావాలని తప్పుగా రాసి హ్యాష్‌సెట్ ఏమంటుందో చూడండి.

బ్యాంకింగ్, బీమా లాంటి చోట్ల జావా బృందంలో ఉంటే భాష మార్చమని చెప్పడంలో అర్థం లేదు. రికార్డులకు మారండి, బిగ్‌డెసిమల్‌ను కంపేర్‌టూతో పోల్చండి. కోట్లిన్‌కు మారే అవకాశం ఉంటే గుర్తుల స్పష్టత కోసమే మారవచ్చు, కానీ భాగహారానికి / వాడకూడదని మొదటి రోజే నియమం పెట్టుకోండి. అక్కడ == కూడా ఈక్వల్స్‌నే పిలుస్తుంది కాబట్టి 2.0, 2.00ల గొడవ మీ వెంటే వస్తుంది.

గణితం, డేటా సైన్స్ పని అయితే ఎంపికే లేదు, పైథాన్‌కు నంపైకి ఆ గుర్తులే ప్రాణం. వెబ్ ముందుభాగం పనికి జావాస్క్రిప్ట్ తప్పదు. టైప్‌స్క్రిప్ట్ రకాలను ముందే చూస్తుంది గానీ ఆబ్జెక్టుల పోలికను మార్చదు, కాబట్టి పోలికకు ఒక ఫంక్షన్ రాసుకుని అందరూ అదే వాడేలా చూడండి.

పెద్ద బృందం, మనుషులు తరచూ మారుతుంటారు, సర్వరు పని. ఇలాంటి చోట నేను గో తీసుకుంటాను. ఎవరి == అయినా ఒకటే అర్థం, కొత్తగా వచ్చినవాడు వెతుక్కోవాల్సింది ఏమీ లేదు. నలుగురైదుగురు స్థిరంగా ఉండి, తప్పు జవాబుకు ఖరీదు ఎక్కువగా ఉండే పని అయితే రస్ట్. ఆ బిల్లింగ్ ప్రోగ్రామును మళ్లీ రాయమంటే మాత్రం నేను కోట్లిన్ తీసుకుంటాను. దుకాణం వాళ్లది జావా సర్వరు, వాళ్లకు మొత్తం మార్చే ఓపిక లేదు, నాకూ లేదు. పరీక్షల్లో కస్టమర్ నంబరు మాత్రం 1000 నుంచి మొదలుపెడతాను.